భవానీపూర్‌లో మనసు ముందు పరిచిన బొమ్మలు

కోల్‌కతాలో టారో కార్డులు చూసేవాళ్లలో కొందరు ఈమధ్య ఒక మాట ముందే చెప్పేస్తున్నారు. ఇది జోస్యం కాదు, పెళ్లెప్పుడు, ప్రమోషన్ ఎప్పుడు అని అడగొద్దు, ఈ బొమ్మ చూస్తే మీకేమనిపిస్తోందో చెప్పండి చాలు అంటున్నారు. తీసిన కార్డులో ఒక మనిషి ఒలికిపోయిన మూడు పాత్రల్ని తలవంచుకుని చూస్తుంటాడు. వెనకాల నిలబడే ఉన్న రెండు పాత్రల్ని గమనించడు. కొందరికి ఆ ఒలికినవే కంటబడతాయి, కొందరికి మిగిలినవి. ఏది ముందు కనబడిందో అక్కణ్నుంచి మాట మొదలవుతుంది. కార్డు పక్కకు పోయి, తీసిన మనిషి కథ ముందుకొస్తుంది.

ఇదంతా విదేశాల నుంచి నిన్నగాక మొన్న దిగిన ఫ్యాషన్ అనిపిస్తుంది. కార్డుల వరకూ అది నిజమే. కానీ బొమ్మ ఒక సాకు మాత్రమే, అసలు సరుకు చూసేవాళ్ల దగ్గరే ఉంది అన్న ఆలోచన ఈ నగరానికి కొత్తది కాదు. దానికి ఇక్కడ నూరేళ్ల చరిత్ర ఉంది. అందులో పెద్ద భాగం దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్ చుట్టుపక్కల తిరుగుతుంది. విచిత్రమేమంటే ఆ చరిత్రలో టారో అన్న పేరు దాదాపు వినపడదు.

1758లో ఈస్టిండియా కంపెనీ మీర్ జాఫర్ దగ్గర సంపాదించిన యాభై ఐదు ఊళ్లలో భవానీపూర్ ఒకటి. ఆనుకునే కాళీఘాట్. గుడికొచ్చే యాత్రికులకు పటువా చిత్రకారులు కాగితం మీద నాలుగు గీతల్లో వేసి అమ్మిన దేవతల బొమ్మలు, బాబుల బొమ్మలు పందొమ్మిదో శతాబ్దంలో పేరు తెచ్చుకున్నాయి. గుడి దారిలో చేయి చూసేవాళ్లకూ, జాతకం చెప్పేవాళ్లకూ ఏనాడూ కొదవ లేదు. అదే భవానీపూర్‌లో యూరోపియన్ల కోసం కంపెనీ కాలం నాటి పిచ్చాసుపత్రి కూడా ఉండేది. అప్పటి రికార్డుల్లో పేరే అది. 1918లో రాంచీలో యూరోపియన్లకు కొత్త మానసిక వైద్యశాల తెరిచాక ఇక్కడి రోగుల్ని అక్కడికి తరలించారు. ఒక వీధిలో రాత చెప్పేవాళ్లు, ఇంకో వీధిలో మనసు చెదిరినవాళ్లు. రెంటికీ నడుమ, మామూలు మనిషి తన మనసును తాను చదువుకోవడానికి చోటు మాత్రం లేదు.

ఆ చోటు విశ్వవిద్యాలయం వైపు నుంచి వచ్చింది. భవానీపూర్‌లో రస్సా రోడ్డు మీద ఇల్లున్న అశుతోష్ ముఖర్జీ 1906 నుంచి 1914 దాకా, మళ్లీ 1921 నుంచి 1923 దాకా కలకత్తా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్. హైకోర్టు జడ్జి, గణితవేత్త, మాటకు తిరుగులేని మనిషి. బెంగాల్ పులి అని ఊరికే అనలేదు. ఆ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. మనసును తత్వశాస్త్రంలో ఒక మూల పాఠంగా కాకుండా ప్రయోగశాలలో పెట్టి చూడాలన్న పట్టుదల ఆయనది. తత్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ సిలబస్ రాసిపెట్టారు. 1916లో ప్రయోగాత్మక మనోవిజ్ఞాన విభాగం మొదలైంది. దేశంలో ఈ శాస్త్రానికి అదే మొదటి గడప. మొదటి అధిపతి నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివి వచ్చారు. హార్వర్డ్ పేరు గుర్తుంచుకోవాలి, కథ మళ్లీ అటు వెళ్తుంది.

ఆ విభాగంలో చదివి, అక్కడే పాఠం చెప్పిన గిరీంద్రశేఖర్ బోస్ వైద్యుడు. కుర్రతనంలో ఇంద్రజాలం, హిప్నాటిజం సరదాలున్నవాడు. పేకముక్క మాయం చెయ్యడం చేతనైన వైద్యుడు మనసు మీద పరిశోధనకు దిగడం ఒకందుకు మంచిదే. చూసేవాడి కన్ను ఎక్కడ మోసపోతుందో గారడీవాడికి తెలిసినట్టు ప్రొఫెసర్లకు తెలియదు. 1921లో అణచివేత మీద సిద్ధాంత వ్యాసం రాసి డాక్టరేట్ తీసుకున్నారు. 1922లో ఉత్తర కలకత్తాలోని 14 పార్శీబగాన్ లేన్‌లో, తన సొంతింట్లో, ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టారు. వియన్నాలో ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు.

ఆ ఉత్తరాల్లో ఒక ముచ్చట ఉంది. బోస్ మిత్రుడు, చిత్రకారుడు జతీంద్రకుమార్ సేన్ ఫ్రాయిడ్‌ను చూడకుండానే, ఫొటో కూడా లేకుండానే, ఆయన ఇలా ఉండి ఉంటాడని ఊహించి ఒక బొమ్మ గీశారు. బోస్ దాన్ని వియన్నాకు పంపారు. ఫ్రాయిడ్ జవాబులో మర్యాదగానే చురక వేశారు. బొమ్మ చాలా బాగుంది, అసలు మనిషికి తగనంత బాగుంది, నా జాతి లక్షణాల్ని మాత్రం చిత్రకారుడు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు అన్నది ఆ చురక సారాంశం. యూదుడైన ఫ్రాయిడ్ ముఖం కోసం కలకత్తా చిత్రకారుడు తన మనసులో ఉన్న పాశ్చాత్య పండితుడి ముఖాన్ని తీశాడన్నమాట. ఖాళీ కాగితం మీద మనిషి తననే గీసుకుంటాడన్న సంగతి, మనస్తత్వ పరీక్షగా పేరు పెట్టుకోకముందే, సరదాగా ఆ ఉత్తరంలో దొరుకుతుంది.

బోస్‌కు అన్నగారు ఒకరున్నారు. రాజశేఖర్ బసు. బెంగాల్ కెమికల్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త, చలంతికా నిఘంటువు కూర్చినవారు. వీటన్నిటికంటే ముందు, పరశురామ్ అనే కలంపేరుతో బెంగాలీలను పొట్టచెక్కలయ్యేలా నవ్వించిన రచయిత. చివరి దశలో ఆయన ఇల్లు భవానీపూర్‌లోని బకుల్‌బగాన్ రోడ్డు. ఆయన రాసిన బిరించి బాబా కథలో ఒక స్వామీజీ సూర్యుణ్ని తానే రోజూ ఉదయింపజేస్తున్నానంటాడు, బుద్ధుడితోనూ ప్లేటోతోనూ తనకు పరిచయముందంటాడు, చదువుకున్న లాయర్లు నోరు తెరుచుకుని నమ్ముతారు. సత్యజిత్ రాయ్ దాన్ని 1965లో మహాపురుష్‌గా తీశారు. రాయ్ కూడా తండ్రి పోయాక చిన్నప్పుడు పెరిగింది బకుల్‌బగాన్‌లో మేనమామగారింట్లోనే. తమ్ముడు మనిషి ఎందుకు నమ్ముతాడో వెతికితే, అన్న ఎంత సులువుగా నమ్ముతాడో చూపించి నవ్వించాడు. కార్డులు పట్టుకుని మనసును చదువుతామనేవాళ్లకు ఈ అన్నదమ్ములిద్దరూ కావాలి. ఒక్కరితో సరిపోదు.

ఇక టారో సంగతి. దాని పుట్టుకలో మర్మం ఏమీ లేదు. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా ప్రభువుల దర్బారుల్లో అది పేకాట. మామూలు నాలుగు రంగుల ముక్కలకు తోడు ఇరవై రెండు బొమ్మ ముక్కలు కలిపి మొత్తం 78. ఆ బొమ్మ ముక్కలు ఆటలో తురుపుల్లా పనిచేసేవి. మూడు వందల ఏళ్లకు పైగా జనం వాటితో ఆడుకున్నారు, డబ్బులు పోగొట్టుకున్నారు. 1781లో పారిస్‌లో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాశాడు. ఆధారం ఏదీ లేదు. అయినా మాట పాకిపోయింది, వెంటనే జోస్యం చెప్పేవాళ్లు అందుకున్నారు. ఈ ముక్కలు పుట్టుకతో ఆటవస్తువులేనని పుస్తకమంత సాక్ష్యాలతో తేల్చిన మనిషి మైకేల్ డమ్మెట్. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త, 1980లో. తర్కశాస్త్రం మీద తలబద్దలుకొట్టుకునే మనిషికి ఈ పని ఆటవిడుపు.

మన దగ్గరా బొమ్మ పేకలున్నాయి. బంకురా జిల్లా బిష్ణుపూర్‌లో మల్ల రాజుల కాలం నుంచి దశావతార్ తాష్ ఉంది. గుండ్రటి ముక్కలు, పది అవతారాలకు పది రంగులు, ఒక్కో రంగుకు పన్నెండు చొప్పున 120. హరప్రసాద్ శాస్త్రి 1895లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వాటి మీద రాశారు. తెలంగాణలో నిర్మల్ చిత్రకారులూ గంజీఫా అనే ఇలాంటి పేకముక్కలకు రంగులు వేసినవాళ్లే. వీటికి మాత్రం ఒక కూర్ ద జెబెలాన్ దొరకలేదు. మత్స్యావతారం ముక్క వస్తే అర్థమేమిటని పుస్తకాలు రాలేదు. అవి ఆటగానే బతికి, ఆట తెలిసినవాళ్లు తగ్గాక అలంకార వస్తువులయ్యాయి. తెలుగు పల్లెల్లో బొమ్మ చూపించి మాట చెప్పే పని పేకది కాదు, చిలకది. పంజరంలోంచి నడిచి వచ్చి అది ముక్కుతో లాగిన అట్ట మీద ఏ దేవుడి బొమ్మ ఉంటే ఆ దేవుడి కథలోంచి జోస్యం బయటికొస్తుంది. అక్కడ మాట్లాడేది జోస్యుడే. వినేవాడు తలూపుతాడు, రూపాయి ఇస్తాడు.

ఇప్పుడు ప్రపంచమంతా టారో అంటే గుర్తుపట్టే బొమ్మలు 1909 చివర్లో లండన్‌లో అచ్చయ్యాయి. ఎ. ఇ. వెయిట్ అనే మార్మికుడు పథకం చెబితే పమేలా కోల్మన్ స్మిత్ అనే ముప్పై ఒక్క ఏళ్ల చిత్రకారిణి 78 ముక్కలూ గీశారు. అంతకుముందు వాడుకలో ఉన్న ముక్కల్లో చిన్నవాటికి దృశ్యాలు దాదాపు ఉండేవి కావు. ఐదు పాత్రలంటే ఐదు పాత్రలే. స్మిత్ వాటన్నిటిలోకీ మనుషుల్ని తెచ్చి పెట్టారు. ఒకడు మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంటాడు, ఇద్దరు బీదవాళ్లు మంచులో వెలిగే కిటికీ కింద నడుస్తుంటారు. టారోతో ఆత్మపరిశీలన సాధ్యమైందంటే ఈ మార్పు వల్లనే. ఐదు పాత్రల్ని చూసి ఎవరూ తన కథ చెప్పరు. ఆ పాత్రల ముందు నిలబడ్డ మనిషిని చూస్తే చెబుతారు. ఇంత పనికీ ముట్టింది చాలా తక్కువని ఆమె ఉత్తరంలో రాసుకున్నారు. పేక మాత్రం ప్రచురణకర్త రైడర్ పేరుతోనూ వెయిట్ పేరుతోనూ దశాబ్దాలు చెలామణి అయింది.

అక్కడి నుంచి జ్యూరిక్‌కు. 1926లో క్రిస్టియానా మోర్గన్ అనే అమెరికన్ అక్కడి మనోవైద్యుడు కార్ల్ యుంగ్ దగ్గరికి వెళ్లారు. మెలకువలోనే కళ్లు మూసుకుని, మనసులో లేచే దృశ్యాన్ని వెంబడించి, దాన్ని బొమ్మగా వేసే పద్ధతి ఆయన నేర్పారు. ఆమె వేసిన బొమ్మల్ని ముందు పెట్టుకుని యుంగ్ 1930 నుంచి 1934 దాకా పాఠాలు చెప్పారు. ఆమె పేరు బయటపెట్టలేదు. ఆ పాఠాల్లోనే, 1933 మార్చి 1న, టారో ప్రస్తావన వచ్చింది. అవి మానసిక ప్రతీకలనీ, మనసు అడుగుపొరలు తమ సరుకుతో ఆడుకున్నట్టే మనిషి ఆ బొమ్మలతో ఆడుకుంటాడనీ, వాటితో ఈ క్షణపు స్థితిని చదువుకోవచ్చనీ ఆయన అన్నారు. ఇవాళ టారోను మనోవిజ్ఞానంతో ముడిపెట్టేవాళ్లంతా ఎత్తిచూపేది ఈ మాటనే. అదే వాక్యాల్లో భవిష్యత్తు చెప్పడానికి కూడా పనికొస్తుందేమో అన్న అనుమానాన్ని ఆయన కొట్టిపారేయలేదన్నది మాత్రం చెప్పరు. యుంగ్‌ను సాక్ష్యానికి పిలిస్తే మొత్తం వాంగ్మూలం చదవాల్సిందే.

ఈ మోర్గన్ అమెరికాకు తిరిగివెళ్లి, హార్వర్డ్‌లో హెన్రీ మరే అనే మనోవిజ్ఞానితో కలిసి 1935లో ఒక పరీక్ష ప్రచురించారు. మూలం ఒక విద్యార్థిని చెప్పిన సంగతి. జబ్బుపడి ఇంట్లో ఉన్న తన కొడుకు పత్రికల్లో బొమ్మలు చూసి కథలు అల్లుకుంటూ రోజంతా గడిపాడని ఆమె మరేకు చెప్పారట. థీమాటిక్ అపర్సెప్షన్ టెస్ట్, పొట్టిగా టి.ఎ.టి., అలా తయారైంది. మొత్తం 31 కార్డులు. అందులో ఒకటి తెల్ల కాగితం. బల్ల మీద వయొలిన్ ముందు కూర్చున్న కుర్రాడు మొదటి బొమ్మ. ఇక్కడ ఏం జరుగుతోంది, దీనికి ముందు ఏం జరిగింది, వీళ్ల మనసులో ఏముంది, చివరికి ఏమవుతుంది, ఇవే ప్రశ్నలు. కొన్ని బొమ్మలు మోర్గన్ స్వయంగా గీసినవి. 1943లో హార్వర్డ్ ప్రెస్ అచ్చువేసినప్పుడు రచయితగా మరే పేరే మిగిలింది. పమేలా స్మిత్‌కు జరిగిందే మోర్గన్‌కూ జరిగింది. మనుషులు తమ కథ చెప్పుకునేందుకు బొమ్మలు గీసిన ఇద్దరు స్త్రీల పేర్లూ ఆ పెట్టెల మీద నుంచి జారిపోయాయి.

1938 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవానికి యుంగ్ కలకత్తా వచ్చారు. విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ప్రకటించింది. నగరం మాత్రం ఆయనకు రక్త విరేచనాలు బహూకరించింది. పది రోజులు ఆసుపత్రిలో. ఇండియాలో చూసినవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడని మనిషికి ఆ పది రోజుల ఏకాంతం మేలే చేసిందని తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. కోలుకున్నాక వచ్చిన కలలో కాళీ లేదు, బుద్ధుడు లేడు. యూరప్ పాత కథల్లోని పవిత్ర పాత్రను వెతుక్కుంటూ ఒక దీవికి ఈదుతున్నట్టు కల. ఇంత దూరం వచ్చినా మనసు తన సొంత ఊరి బొమ్మల పేకనే పరిచింది.

ఆ కలలోని సంగతే కలకత్తా మనోవిజ్ఞానులకు పనిలో ఎదురైంది. వయొలిన్ ముందున్న తెల్ల కుర్రాణ్ని చూసి బెంగాలీ పిల్లవాడు తన గోడు ఎందుకు చెబుతాడు? ఆ ఇళ్లు, ఆ గౌన్లు, ఆ కోట్లు చూడగానే అది ఇంగ్లీషు సినిమా కథ అయిపోతుంది. ఉమా చౌధురి టి.ఎ.టి. బొమ్మల్ని ఇక్కడి మనుషులతో, ఇక్కడి కట్టుబొట్టుతో మార్చి తయారుచేసిన భారతీయ రూపం 1960లో కలకత్తా నుంచే పుస్తకంగా వచ్చింది. దేశంలో క్లినికల్ సైకాలజీ చదివిన తరాలు దాంతో పరిచయం చేసుకున్నాయి. బొమ్మ ఎంత అస్పష్టంగా ఉంటే అంత మంచిదన్నది సూత్రం. కానీ అస్పష్టతకు కూడా ఒక ఊరుంటుంది. పంచె ఎటు కట్టారో, తలమీద కొంగుందో లేదో, ఆ మాత్రం తెలిస్తే తప్ప చూసేవాడు లోపలికి అడుగుపెట్టడు.

తెలుగువాళ్లు ఇదే కాలంలో కార్డులతో పూర్తిగా వేరే దారి పట్టారు. కృష్ణా జిల్లాలో పుట్టిన కోనేరు రామకృష్ణారావు అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో, అతీంద్రియ శక్తుల మీద ప్రయోగాలు చేసిన జె. బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1967లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన విభాగం నెలకొల్పారు. రైన్ వాడిన జెనర్ కార్డులు 25. వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కోటి ఐదేసి. మూసి ఉన్న కార్డు ఏదో ఊహించాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా సగటున ఐదు సరిపోతాయి, అంతకు మించి వస్తే లెక్క తీయాలి. ఇక్కడ బొమ్మకు భావం ఉండకూడదు. ఉంటే ప్రయోగం చెడుతుంది. కలకత్తాలో టి.ఎ.టి. అడిగింది నీకేం కనిపిస్తోంది అని. వాల్తేరులో జెనర్ కార్డు అడిగింది నీకు కనిపించనిది ఏమిటి అని. రామకృష్ణారావు ఎంత గౌరవం పొందినా, వైస్ చాన్సలర్‌గా, తాత్విక పరిశోధనా మండలి అధ్యక్షుడిగా ఎంత ఎదిగినా, రెండో ప్రశ్నకు శాస్త్రలోకం ఒప్పుకున్న జవాబు రాలేదు. మొదటి ప్రశ్న మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది.

అలాగని మొదటి ప్రశ్నకు వచ్చే జవాబుల్ని కళ్లు మూసుకుని నమ్మాల్సిన పనీ లేదు. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ తన తరగతిలో 39 మందికి, ఇది నీ ఒక్కడి వ్యక్తిత్వ విశ్లేషణ అంటూ తలా ఒక కాగితం ఇచ్చారు. అందరికీ ఇచ్చింది ఒకటే. వాక్యాలు చాలావరకు దుకాణంలో అమ్మే జ్యోతిషం పుస్తకంలోవి. ఐదుకు సగటున 4.26 మార్కులు వేసి భేష్, అచ్చం నేనే అన్నారు విద్యార్థులు. బిరించి బాబా కథలో పరశురామ్ నవ్విందీ ఈ గుణాన్ని చూసే. టి.ఎ.టి. మీదా విమర్శ ఉంది. ఒకే కథను ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదవడం కొత్త కాదు. అందుకే అది నిదానంగా, మాటలు కలుపుతూ వాడాల్సిన పనిముట్టు. ఒక్క దెబ్బతో రోగం తేల్చే యంత్రం కాదు.

భారతదేశంలో టారోను జోస్యం నుంచి ధ్యానం వైపు లాగిన పెద్ద ప్రయత్నం పుణెలో జరిగింది. అక్కడి ఓషో ఆశ్రమం నుంచి ఓషో జెన్ టారో 1990ల నడుమ వచ్చింది. రాబోయేదాన్ని కాదు, ఇప్పుడున్నదాన్ని చూడమని దాని పాఠం. ఆ తర్వాత నగరాల్లో పద్ధతి కుదురుకుంది. ఉదయం ఒక్క ముక్క, పక్కన ఒక నోటు పుస్తకం. పుస్తకంలో ఉన్న అర్థం చదవకముందే బొమ్మలో మొదట కంటబడ్డది రాసుకోవాలి. ఎవరి స్థానంలో మీరున్నారు, ఎవరు మీకు వీపు తిప్పి ఉన్నారు, ఇలాంటి ప్రశ్నలు. మరేతో కలిసి మోర్గన్ అడిగిన నాలుగు ప్రశ్నలకు ఇవి దగ్గరి చుట్టాలే. తేడా ఒకటుంది. టి.ఎ.టి. వినేవాడికి శిక్షణ ఉంటుంది, నోటు పుస్తకానికి ఉండదు. నిద్రపట్టని రాత్రులు నెలల తరబడి సాగుతుంటే మార్చవలసింది కార్డు కాదు. 1933లో గిరీంద్రశేఖర్ కార్మైకేల్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యానికి ఓపీ తెరిచారు, మామూలు ఆసుపత్రిలో అలాంటిది దేశంలో అదే మొదటిది. ఇప్పుడు భవానీపూర్ పక్కనే డి. ఎల్. ఖాన్ రోడ్డులో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ ఉంది.

ఉమా చౌధురి టి.ఎ.టి.కి చేసిన పనిని టారోకు చేసినవాళ్లు తక్కువ. భారతీయ దేవతలతో పేకలు కొన్ని వచ్చాయి గానీ, దేవుణ్ని చూస్తే మనిషి దండం పెడతాడు, తన సంగతి చెప్పడు. ఎక్కువమంది చేతుల్లో ఇప్పటికీ 1909 నాటి లండన్ బొమ్మలే, గుర్రాల మీద కవచాలు తొడుక్కున్న వీరులు, మంచు కురిసే వీధులు. పమేలా స్మిత్ 1951లో చనిపోయారు. భారత చట్టం ప్రకారం ఆమె బొమ్మల మీద హక్కులు 2011తో తీరిపోయాయి, బ్రిటన్‌లో 2021తో. బిష్ణుపూర్‌లో ఫౌజ్‌దార్ కుటుంబం గుడ్డ పొరల మీద ముక్కలకు రంగులు వేయడం ఇంకా మానలేదు. యదుబాబు బజార్లో చేపలు బేరమాడే ఆవిడ, మెట్రో మెట్ల మీద తడిగొడుగు దులుపుతున్న గుమాస్తా, బకుల్‌బగాన్‌లో తాళం వేసిన పాత ఇంటి ముందు నిలబడ్డ కొడుకు, ఇలాంటి 78 దృశ్యాలు గీయడానికి అనుమతి అడగాల్సినవాళ్లు ఇప్పుడెవరూ లేరు.